మునగాకులో నూనె

నేను నూనెల మీద పీహెచ్‌డీ చేశానని మా అపార్ట్‌మెంటులో ఎవరు చాటింపు వేశారో గానీ, లిఫ్టులో ఎవరు ఎదురైనా ఒకటే ప్రశ్న. "మేడం, ఏ నూనె మంచిదో చెప్పుండ్రి. పల్లి నూనెనా, సన్‌ఫ్లవరా? గానుగ నూనె అయితే ఇంకా మంచిదటగదా?" తార్నాక చౌరస్తా నుంచి హబ్సిగూడ వైపు ఏ సందులోకి తిరిగినా ఇప్పుడొక గానుగ నూనె దుకాణం కనబడుతోంది. బయట చెక్క గానుగ బొమ్మ, లోపల కరెంటు మోటారు. నూనె వాసన బాగుంటుంది. ధర అడిగితే మాత్రం సీసా మళ్లీ అరలో పెట్టేస్తాం.

అడిగినవాళ్లకు నేను చెప్పే జవాబు వాళ్లకు పెద్దగా నచ్చదు. ఒకే రకం పల్లీని గానుగలో ఆడించినా, ఫ్యాక్టరీలో తీసి శుద్ధి చేసినా అందులోని కొవ్వు ఆమ్లాల పాళ్లు దాదాపు అవే ఉంటాయి. తేడా వచ్చేది రంగులో, వాసనలో, జిగురులో, విటమిన్ ఇ లాంటి చిల్లర సరుకులో. ఆ చిల్లర విలువైనదే, కాదనను. కానీ ఏ నూనె ఎలాంటిదన్నది గానుగ దగ్గర తేలే విషయం కాదు. మొక్క తన ఒంట్లో ఏ భాగంలో ఏ కొవ్వు దాచుకుందన్న దగ్గరే అది తేలిపోతుంది. నేను చదువుకున్నది ఆ సంగతే. అదీ ముఖ్యంగా ఆకుల్లో. ఆకుల్లో నూనేమిటని నవ్వేవాళ్లున్నారు. ఆ నవ్వు కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఈ చదువుకు మా పేట కంటే అనువైన చోటు దేశంలో ఇంకోటి ఉందంటే నేను నమ్మను. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో పుట్టింది. అదే ఏడాది ఎక్కడో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు బెరిబెరి జబ్బు మీద చిన్న ప్రయోగశాల ఒకటి మొదలుపెట్టాడు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చి, యూనివర్సిటీ పక్కనే తార్నాకలో స్థిరపడి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అనిపించుకుంటోంది. మేమంతా ఎన్ఐఎన్ అంటాం. ఉప్పల్ రోడ్డు మీద ఇంకాస్త ముందుకు పోతే రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ. దాన్ని 1944లో నిజాం ప్రభుత్వం పెట్టింది, 1956లో కేంద్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ తీసుకుంది, 1989 దాకా అది రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీ. మా తరంవాళ్ల నోట ఇప్పటికీ 'ఆరారెల్' అనే వస్తుంది. ఒకచోట మొక్కను చదువుతారు, ఒకచోట నూనెను చదువుతారు, ఒకచోట తినేవాణ్ని చదువుతారు. మూడింటి మధ్యా నడిచి తిరగొచ్చు, ఎండాకాలం కాకపోతే.

ఆరారెల్లో 1950 నుంచి 1971 దాకా పనిచేసిన కె.టి. అచ్చయ్య పేరు ఇవాళ చాలామందికి భారతీయ వంటల చరిత్రకారుడిగా తెలుసు. అసలు ఆయన నూనెల రసాయన శాస్త్రవేత్త. 1923లో కొల్లేగాలలో పుట్టి, ఇంగ్లండులో లివర్‌పూల్ వెళ్లి టి.పి. హిల్డిచ్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. హిల్డిచ్ అంటే ఆ రోజుల్లో ప్రపంచంలోని గింజల కొవ్వులన్నిటికీ జాతకం రాసిన మనిషి. 1940లో ఆయన వేసిన ప్రకృతిలోని కొవ్వుల పుస్తకం మా రంగంలో అందరికీ పెద్దబాలశిక్ష. అచ్చయ్య ఇక్కడ ఆముదం మీద, పత్తిగింజల మీద పనిచేశారు. తర్వాత ఎప్పుడో, 1993లో, మన గానుగ మీదే ఒక పుస్తకం రాశారు. నూనె అణువు నుంచి గానుగ రోకలి దాకా ఒకే మనిషి చూడగలిగిన కాలం అది. ఆ చూపు ఇప్పుడు కరువైందని నా ఫిర్యాదు.

హిల్డిచ్ కాలంలో కొవ్వు ఆమ్లాలను విడదీయాలంటే నూనెను ఎస్టర్లుగా మార్చి, శూన్యంలో మరగబెట్టి, ఏ వేడి దగ్గర ఏది ఆవిరవుతోందో పట్టుకుంటూ పోవాలి. దానికి నూనె గ్రాముల కొద్దీ, ఒక్కోసారి వందల గ్రాములు కావాలి. అందుకే అప్పట్లో అందరూ గింజల వెంట పడ్డారు. ఆకులో అంత కొవ్వెక్కడిది? 1952లో ఇంగ్లండులో ఎ.టి. జేమ్స్, ఎ.జె.పి. మార్టిన్ అనే ఇద్దరు గ్యాస్ క్రొమాటోగ్రఫీ అనే పద్ధతిని లోకానికి చూపించారు. వాళ్లు దాంతో మొదట విడదీసినవి కూడా కొవ్వు ఆమ్లాలే. ఇక మిల్లీగ్రాముతో పని జరిగిపోసాగింది. ఆకుకు, వేరుకు, పూరేకుకు కూడా వంతు వచ్చింది.

ఇప్పుడు ఒక మునగ చెట్టు దగ్గరికి పోదాం. తార్నాక పాత కాలనీల్లో అపార్ట్‌మెంటుగా మారకుండా మిగిలిన ఇళ్లలో మునగ చెట్టు ఉండి తీరుతుంది. గోడ మీదుగా వీధిలోకి వంగి, కాయలు పోయేవాళ్లకు, ఆకు ఇంటివాళ్లకు. ఆషాఢంలో మునగాకు తినాలనే పట్టింపు ఉన్న ఇళ్లకు పక్కింటి చెట్టయినా ఫరవాలేదు.

ఈ చెట్టు గింజ పప్పులో మూడో వంతుకు పైగా నూనే. ఆ నూనెలో నూటికి డెబ్బై పాళ్లకు మించి ఓలియిక్ ఆమ్లం, అంటే ఆలివ్ నూనెకు పేరు తెచ్చిపెట్టిన ఆమ్లం. ఐదారు శాతం బెహెనిక్ అనే పొడవాటి ఆమ్లం. యూరప్‌లో ఈ నూనెను బెన్ నూనె అని గడియారాల యంత్రాలకు వాడేవారు, తొందరగా చెడదు కాబట్టి. అదే చెట్టు తాజా ఆకులో కొవ్వు నూటికి రెండు గ్రాములు కూడా ఉండదు. కానీ ఉన్న ఆ కొంచెంలో సగం వరకూ లినోలెనిక్ ఆమ్లం, అంటే మందుల షాపువాళ్లు ఒమేగా-3 అని అమ్మే కుటుంబానికి పెద్దమ్మ. గింజలో అది దాదాపు లేదు. ఒకే చెట్టు, ఒకే వేరు, ఒకే జన్యువుల మూట. ఆకు కొవ్వూ గింజ కొవ్వూ పక్కపక్కన పెడితే రెండూ ఒకే చెట్టువంటే ఎవరూ నమ్మరు.

ఇది ఎలా తెలుస్తుంది? చూడండి, ఒక మధ్యాహ్నం పని చెబుతాను.

కొమ్మ చివరి నుంచి లెక్కపెట్టి ప్రతిసారీ అదే స్థానంలోని ఆకు తెంపాలి. లేతాకు కొవ్వు వేరు, ముదురాకుది వేరు. కాడ తీసేసి తూచాలి. ఆలోగా ఫ్యూమ్ హుడ్‌లో ఐసోప్రొపనాల్ మరుగుతూ సిద్ధంగా ఉండాలి. తూచిన ఆకు తూచినట్టు అందులో పడాలి. మా గైడు సార్ వెనక నిలబడి ఒకటే పోరు: "ఏమ్మా, ఆకు తెంపి ఎంతసేపైంది? మాటలు తర్వాత, ముందు అందులో వెయ్యి." ఆయన తొందరకు కారణం ఉంది. ఆకుకు గాయమైన క్షణం నుంచి అందులోని ఎంజైములు దాని కొవ్వునే కోయడం మొదలుపెడతాయి. మరిగే ఆల్కహాల్ వాటిని అక్కడికక్కడే చంపేస్తుంది. బల్ల మీద ఆకు వాడిపోయే దాకా కబుర్లు చెప్పుకుంటే చివరికి కొలిచేది ఆకు కొవ్వును కాదు, ఆకు శిథిలాలను.

తర్వాత క్లోరోఫాం, మిథనాల్ కలిపిన ద్రావణంలో నూరి, వడకట్టి, మళ్లీ నూరి, మళ్లీ వడకట్టి, ఆకు పిప్పి తెల్లబడే దాకా పోవాలి. ఈ ద్రావణం పాళ్లు మొదట రాసినవాళ్లెవరూ ఆకులు చూసి రాయలేదు. 1957లో ఫోల్చ్ బృందం రాసింది జంతువుల మెదడు లాంటి కణజాలం కోసం. 1959లో బ్లై, డయ్యర్ అనే కెనడావాళ్లు రాసింది చేప కండ కోసం. మన మునగాకు ఆ చేప వంటకంలోనే ఉడుకుతోంది. కొంచెం ఉప్పునీళ్లు పోసి కుదిపి ఉంచితే ద్రవం రెండు పొరలుగా తేరుకుంటుంది. చక్కెరలూ లవణాలూ పైన నీళ్లలో, కొవ్వంతా కింద క్లోరోఫాంలో. కింది పొర ముదురాకుపచ్చగా ఉంటుంది, ఎందుకంటే పత్రహరితం కూడా కొవ్వుల వెంటే పోతుంది. దాన్ని పిపెట్‌తో లాగి, నైట్రోజన్ వాయువు ఊదుతూ ఆరబెడితే గాజు కుప్పె అడుగున పచ్చటి జిడ్డు మరక. ఆకు కొవ్వంటే అదే. చూడ్డానికి ఏమీ లేదు. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని చూసి నీరసపడిపోతారు.

ఆ మరకను సిలికా జెల్ పూసిన గాజు పలక మీద చుక్కగా పెట్టి, ద్రావణంలో నిలబెడితే కొవ్వు రకాలు ఒక్కొక్కటే ఒక్కో ఎత్తుకు ఎక్కుతాయి. పలకను అయోడిన్ డబ్బాలో పెట్టి మూత వేస్తే కాసేపటికి గోధుమ రంగు మచ్చలు తేలతాయి. పక్క పలక మీద ఆల్ఫా నాఫ్థాల్ చల్లి వేడిచేస్తే చక్కెర తగిలించుకున్న కొవ్వులు ఊదా రంగుకు తిరుగుతాయి. మాలిబ్డినం రసాయనం చల్లితే భాస్వరం ఉన్నవి నీలంగా మెరుస్తాయి. మునగ గింజ పలక మీద పైన ఒకే పెద్ద మచ్చ, మామూలు నూనె, ట్రైగ్లిజరైడ్. ఆకు పలక మీద ఆ మచ్చ ఉందా లేదా అని వెతుక్కోవాలి. దాని బదులు కింద ఊదా మచ్చలు రెండు దట్టంగా నిలబడి ఉంటాయి. నిర్లక్ష్యంగా తెంపిన ఆకైతే ఎంజైములు కోయగా మిగిలిన ఫాస్ఫాటిడిక్ ఆమ్లం మచ్చ అదనంగా కనబడుతుంది. ఆకును ఎవరు ఎలా తెంపారో ఈ పలక నిస్సంకోచంగా బయటపెడుతుంది.

చివర గ్యాస్ క్రొమాటోగ్రాఫ్. కొవ్వు ఆమ్లాలను మిథైల్ ఎస్టర్లుగా మార్చి, సూదితో బొట్టులో వందోవంతు ఎక్కిస్తే, వేడి గొట్టంలోంచి ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తాయి. ముందు పామిటిక్, తర్వాత స్టియరిక్, ఓలియిక్, లినోలియిక్, లినోలెనిక్. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద చూస్తున్నాం గానీ, మా రోజుల్లో చార్ట్ కాగితం మీద కలం గీసుకుంటూ పోయేది. గింజ ఎక్కించిన రోజు ఓలియిక్ దగ్గర కలం కాగితం అంచుదాకా లేచి, లినోలెనిక్ రావలసిన చోట సరళరేఖలా సాగిపోయేది. ఆకు ఎక్కించిన రోజు ఆ చోటే అన్నిటికంటే ఎత్తైన శిఖరం. నాకు ఈ రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురులో చూడటం ఇష్టంగా ఉండేది.

ఈ తేడా ఎందుకంటే, ఆకులో కొవ్వు నిల్వ సరుకు కాదు, పనిముట్టు. పత్రహరితం అమరి ఉండే పల్చటి పొరలు చక్కెర తగిలించుకున్న కొవ్వులతో, అంటే గెలాక్టోలిపిడ్లతో కట్టుకున్నవి. ఆ పొరల కొవ్వులో ముప్పాతిక దాకా ఇవే. వీటిలో ఒక గెలాక్టోజ్ ఉన్న రకమైతే భూమ్మీద కణాల పొరల్లో అన్నిటికంటే ఎక్కువగా దొరికే కొవ్వు. ప్రతి పచ్చటి ఆకులో, ప్రతి గడ్డిపోచలో ఉన్నాక ఉండదా మరి. ఆ పొరలు బిర్రబిగుసుకుపోకుండా కదులుతూ ఉండాలంటే లినోలెనిక్ లాంటి మూడు జంటబంధాల ఆమ్లం కావాలి. ఇంకో తెలివి కూడా ఉంది. గెలాక్టోలిపిడ్‌కు భాస్వరం అక్కర్లేదు. నేలలో భాస్వరం కొరతైనప్పుడు చాలా మొక్కలు తమ పొరల్లోని భాస్వరం ఉన్న కొవ్వులను, అంటే ఫాస్ఫోలిపిడ్లను, తగ్గించి ఆ చోట గెలాక్టోలిపిడ్లనూ, గంధకం ఉన్న ఇంకో కొవ్వునూ పెట్టుకుంటాయి. అలా మిగిలిన భాస్వరం డీఎన్ఏ లాంటి తప్పని పనులకు. మా యూనివర్సిటీ పద్దుల కమిటీకి ఇంత చాకచక్యం ఉంటే బాగుండుననుకునేదాన్ని.

ఉస్మానియా ల్యాండ్‌స్కేప్ గార్డెన్‌లో పచ్చిక కోసే పూట అటు వెళ్తే ఒక వాసన కొడుతుంది, పచ్చి వాసన. అది కూడా లినోలెనిక్ ఆమ్లమే. గడ్డి తెగగానే ఎంజైములు ఆ పొడవాటి ఆమ్లాన్ని విరగ్గొట్టి ఆరు కార్బన్ల తునకలను గాలిలోకి వదులుతాయి. మా గైడు సార్ భయపడిన ఎంజైముల పనే ఇది. పురుగు కొరికినప్పుడు మొక్క అదే ఆమ్లం నుంచి జాస్మోనిక్ ఆమ్లం అనే హార్మోను తయారుచేసి మిగతా ఆకులకు హెచ్చరిక పంపుతుంది. దాని మిథైల్ ఎస్టర్‌ను మొట్టమొదట పట్టుకున్నది 1962లో, జాజి పూల పరిమళ తైలంలో. జడలో పెట్టుకున్న జాజుల ఘుమఘుమలో ఆకు కొవ్వుకు బంధువు ఒకటి దాగి ఉందన్నమాట.

ఆకు పైన మైనం సంగతి వేరే. దాన్ని తీయడం బహు తేలిక. ఆకును అర నిమిషం క్లోరోఫాంలో ముంచి తీసేయాలి, నూరకూడదు. పైపూత మాత్రమే కరిగి వస్తుంది. అందులో ముప్పై కార్బన్ల దాకా పొడవున్న గొలుసులు ఉంటాయి, లోపలి కొవ్వుతో ఏ పోలికా ఉండదు. తామరాకు మీద నీళ్లు నిలవకపోవడానికీ, జొన్న కాడ గీకితే చేతికి తెల్లటి పొడి అంటుకోవడానికీ ఈ మైనమే కారణం. వేరు దగ్గరికి వస్తే ఇంకో తలనొప్పి. అక్కడ సుబెరిన్ అనే కొవ్వు జాతి పదార్థం అల్లుకుపోయి ఏ ద్రావణంలోనూ కరగదు. దాన్ని ముందు రసాయనాలతో తునకలు చేస్తే గానీ కొలవలేం. వేర్ల మీద పనిచేసేవాళ్లు మా లాబ్‌లో ఎప్పుడూ చిరాగ్గా ఉండేవారు, నేను వాళ్ల జోలికి పోయేదాన్ని కాదు.

గింజలో కొవ్వు మాత్రం, తల్లి బిడ్డకు కట్టిచ్చిన చద్దిమూట. మొలక నేల చీల్చుకుని పైకొచ్చి, ఆకు విప్పి, తన అన్నం తాను వండుకునే దాకా దానికి అదే తిండి. గింజ కణాల్లో ఈ నూనె ఒక మైక్రాన్ అటూ ఇటూ ఉండే బొట్లుగా, చుట్టూ ఓలియోసిన్ అనే ప్రొటీన్ తొడుగుతో ఉంటుంది. గానుగ చేసే పనల్లా ఆ బొట్లను చితక్కొట్టి కలిపేయడమే. ఇది నిల్వ సరుకు కాబట్టి ఏ మొక్క ఇష్టం దానిది. అందుకే గింజల్లో ఇన్ని రకాలు. కుసుమలో లినోలియిక్ ముప్పాతిక దాకా, అవిసె గింజలో లినోలెనిక్ సగానికి పైగా, కొబ్బరిలో లారిక్ సగం వరకూ. ఆకుల్లో ఇంత వైవిధ్యం ఉండదు. మర్రాకు కొవ్వూ మెంతాకు కొవ్వూ అక్కాచెల్లెళ్లే, పని ఒకటే కదా.

ఆముదం ఈ సంగతిని తిరుగులేకుండా చెబుతుంది. పాలమూరు, నల్లగొండ మెట్ట చేలలో పెరిగే ఆముదం గింజల నూనెలో తొంభై శాతం వరకూ రిసినోలియిక్ ఆమ్లం. దాని నడుమ ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంటుంది, అందుకే ఆముదం అంత చిక్కన. ఆల్కహాల్‌లో కలిసిపోతుంది, కారు గ్రీజు నుంచి నైలాన్ దాకా ఎన్నింటికో పనికొస్తుంది. అచ్చయ్య ఏళ్ల తరబడి ఆముదం ఉత్పత్తుల మీద కూర్చున్నది అందుకే. మరి అదే మొక్క ఆకును మరిగే ఐసోప్రొపనాల్‌లో వేసి చూస్తే రిసినోలియిక్ ఆనవాలు ఉండదు. మునగాకులో, గడ్డిలో ఉన్న లినోలెనిక్కే ఉంటుంది. గింజలోపల కూడా విచిత్రమే. ఈ ఆమ్లం తయారయ్యేది కణపు పొరలోని ఫాస్ఫోలిపిడ్ మీదే, కానీ తయారైన వెంటనే మొక్క దాన్ని అక్కణ్నుంచి ఊడబెరికి నూనె బొట్టులోకి నెట్టేస్తుంది. పొరలో ఉండనిస్తే పొర పాడవుతుందని దానికి తెలుసు.

ఆయిల్ పామ్ ఇంకో అడుగు ముందు. ఏలూరు దగ్గర పెదవేగిలో దీనికి జాతీయ పరిశోధన సంస్థే ఉంది. ఇటు అశ్వారావుపేట వైపు తోటలకు తోటలు. పండు కండను పిండితే నారింజ ఎరుపు పామాయిల్, అందులో పామిటిక్ నూటికి 44 వరకూ, ఓలియిక్ దాదాపు 40. అదే పండులోని టెంక పగలగొట్టి పప్పును పిండితే వచ్చేది వేరే నూనె, అందులో సగం లారిక్, అచ్చం కొబ్బరి నూనెకు తమ్ముడు. ఒకటి వంటకూ వనస్పతికీ పోతుంది, రెండోది సబ్బుల కంపెనీకి. రెంటి మధ్యా ఉన్న దూరం ఆ టెంక మందమే. కండ తల్లి చెట్టుది, పక్షినీ జంతువునూ పిలవడానికి. పప్పు బిడ్డది. ఎవరి అవసరం వాళ్లది కాబట్టి ఎవరి నూనె వాళ్లది.

ఈ తోటల రైతులు ఒక మాట అంటుంటారు, గెల కోశాక ఫ్యాక్టరీ దాకా పరుగే అని. ఒక రోజు దాటితే ధరలో కోత. కారణం మళ్లీ అవే ఎంజైములు. కోసిన పండులో, ముఖ్యంగా దెబ్బ తిన్న చోట, లైపేజ్ అనే ఎంజైము నూనెను కొవ్వు ఆమ్లాలుగా విరగ్గొడుతూ పోతుంది. ఫ్యాక్టరీలో మొదటి పని గెలలకు ఆవిరి పట్టడం. మేం గాజు పాత్రలో చేసేదీ వాళ్లు టన్నుల లెక్కన చేసేదీ ఒకే పని.

బియ్యపు తవుడు దగ్గర ఈ పరుగు ఇంకా ఎక్కువ. వడ్ల గింజ నడిమి తెల్లటి భాగంలో కొవ్వు అర శాతమే. దాని మీది పొరల్లో, మరపట్టినప్పుడు తవుడుగా రాలేదాంట్లో, 15 నుంచి 20 శాతం. గింజ చెక్కుచెదరకుండా ఉన్నంతవరకూ లైపేజ్ ఒక పొరలో, నూనె ఇంకో పొరలో ఉండి కలుసుకోవు. మిల్లులో తోలు తీసే క్షణాన రెండూ కలిసిపోతాయి. అందుకే మిల్లులో తవుడు కొద్ది రోజులు మూలపడితే ముక్కు మూసుకోవలసి వస్తుంది, ఆ నూనె వంటకు పనికిరాదు. తవుడును వెంటనే వేడిచేసి ఆరబెట్టే పద్ధతులు వచ్చాకే తవుడు నూనె వంటింటికి చేరింది. ఆ తర్వాత ఇంకో చిక్కు, జిగురు. తవుడు కణాల పొరల నుంచి వచ్చే ఫాస్ఫోలిపిడ్లే ఆ జిగురు. మైనం కూడా దిగుతుంది, అది గింజ పైపూత. ఒక చుక్క ముడి తవుడు నూనెలో గింజ నిల్వా, కణాల పొరా, పై మైనం మూడూ కలగాపులగంగా ఉంటాయి. మా ఐఐసీటీ వాళ్లు ఆ జిగురును ఎంజైముతోనే తీసే పద్ధతి రూపొందించి మిల్లులకు అందించారు. కొవ్వును చెడగొట్టే జాతి ఎంజైమునే శుద్ధికి వాడటం నాకు భలే నచ్చిన ఎత్తుగడ.

ఇక తినేవాడి లెక్క. నూనె వేయకుండా వండుకుంటే కొవ్వు తిననట్టే అనుకునేవాళ్లు కొల్లలు. సజ్జల్లో ఐదు శాతం దాకా కొవ్వుంది, శనగపప్పులోనూ అంతే, జొన్నలో రెండు శాతానికి కాస్త తక్కువ. రోజంతా తిన్న గింజలూ పప్పులూ కూడితే ఆ కంటికి కనబడని కొవ్వు తక్కువేమీ కాదు. ఎన్ఐఎన్‌లో పనిచేసిన డాక్టర్ గఫూరున్నీసా ఈ కనబడని కొవ్వును మన ఆహారపు లెక్కల్లోకి తేవడానికి ఎంతో శ్రమపడ్డారు. ఆ సంస్థే 2017లో తెచ్చిన ఆహార పదార్థాల పట్టికల్లో దేశంలోని ఆరు ప్రాంతాల నుంచి తెచ్చిన 528 పదార్థాల లెక్క ఉంది, కొవ్వు ఆమ్లాలతో సహా. నేను దాన్ని నవల చదివినట్టు చదువుతాను. ఇంట్లో నవ్వుతారు.

ఆకుకూరల వరసలో గంగవాయిలి కూర దగ్గర నేను ఆగిపోతాను. పొలం గట్ల మీద కలుపుగా పెరిగి, పప్పులో వేసుకుంటే పుల్లగా ఉండే ఆకు. నూరు గ్రాముల తాజా ఆకులో 300 నుంచి 400 మిల్లీగ్రాముల లినోలెనిక్ ఆమ్లం ఉందని 1990ల నుంచి పాశ్చాత్య శాస్త్రవేత్తలు రాస్తూనే ఉన్నారు. అంతమాత్రాన అది చేపనూనెకు సాటి కాదు. లినోలెనిక్‌ను మన ఒళ్లు చేపనూనెలోని పొడవాటి ఆమ్లాలుగా మార్చుకోవడం చాలా కొద్దిగానే జరుగుతుంది. వాట్సాప్‌లో ఆకుకూరల మహిమలు పంపేవాళ్లు ఈ వాక్యాన్ని ఎప్పుడూ కత్తిరించేస్తారు.

మొక్క ఏ భాగానికి ఆ కొవ్వు వండుకుంటుందని తెలిశాక, గింజ కొవ్వును మాత్రం మార్చి మిగతా మొక్కను కదపకుండా ఉండొచ్చన్న ఆలోచన రావడం సహజం. సోయాలో అదే చేశారు. ఓలియిక్‌ను లినోలియిక్‌గా మార్చే ఎంజైము జన్యువుల్లో గింజలో పనిచేసేవాటిని మాత్రం ఆపితే గింజ నూనె ఓలియిక్‌తో నిండిపోతుంది. ఆకులో ఆ పని వేరే జన్యువు చూసుకుంటుంది కాబట్టి ఆకు తన లినోలెనిక్‌ను తాను చేసుకుంటూనే ఉంటుంది. మన పల్లీలో మామూలుగా ఓలియిక్ సగం అటూ ఇటూ. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన కేంద్రం కలిసి తెచ్చిన గిర్నార్ 4, గిర్నార్ 5 రకాల్లో అది 80 శాతం దాకా ఉంటుంది. ఈ పల్లీలు, వీటితో చేసిన చిక్కీలు, వెన్న తొందరగా మక్కు వాసన కొట్టవు.

అలాంటి రకం వెతికేటప్పుడు ప్రతి గింజనూ విడిగా పరీక్షించాలి. గింజను నలిపితే విత్తనం పోతుంది. అందుకని మొలక ఉండే కొసను వదిలేసి, అవతలి కొస నుంచి బ్లేడుతో గోరంత ముక్క కోస్తారు. ఆ ముక్క క్రొమాటోగ్రాఫ్‌కు పోతుంది. మిగతా గింజను నంబరు రాసిన కుండీలో నాటేస్తారు. ఫలితం వచ్చేసరికి మొక్క రెండాకులు వేసి ఉంటుంది. ఓలియిక్ శాతం తక్కువని తేలిన కుండీలను పక్కకు లాగి, మిగిలినవాటికి నీళ్లు పోస్తారు.